ఆరో గుండీ

ఆగస్టు 4

కొత్త నోటుబుక్కు. రోజంతా ఆఫీసులో రాసేవాళ్ళకి ఇంటికొచ్చి మళ్ళీ రాసుకోవడం ఏం సరదా అని మా ఆవిడ అడిగింది. అక్కడ రాసేవి మాటలకు అర్థాలు, ఇక్కడ రాసుకునేది నా గోల అన్నాను. ఆ గోల వినడానికి తానుందిగా అంది. ఉంది. కానీ కొన్ని గోలలు ఆవిడకి చెప్పలేనివి.

పర్యాయపదాల నిఘంటువులో ఇవాళ నాకు కొత్త గుంపు అప్పగించారు. దుబారా, ఆడంబరం, ఆర్భాటం, డాబు, దర్జా, జల్సా, షోకు, విచ్చలవిడి, ధారాళం, ఉదారం. మితిమీరిన ఖర్చుకీ మితిమీరిన నడతకీ తెలుగులో ఎన్ని మాటలున్నాయో అన్నీ నా నెత్తిన పడ్డాయి. పోయినేడు 'పొదుపు' గుంపు నేనే చేశాను. పట్టుమని పది మాటలు దొరకలేదు. ఇందులో ఇప్పటికే ఎనభై దాటాయి. దాచుకున్నవాణ్ణి మనవాళ్ళు పట్టించుకోరు, పారబోసేవాణ్ణి మాత్రం ఎనభై రకాలుగా ఆడిపోసుకుంటారు.

మా సంపాదకుడు పెద్దాయన ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నదే ఇవాళ మళ్ళీ చెప్పారు. ప్రతి మాటనీ మూడు నోళ్ళలో పెట్టి చూడాలి. మనిషి తన గురించి తాను ఆ మాట అంటాడా, తనవాళ్ళు అంటారా, పరాయివాళ్ళు అంటారా. "నేను చేస్తే ముచ్చట, నా తమ్ముడు చేస్తే సరదా, పక్కింటాయన చేస్తే దుబారా. చేసింది ఒకటే, నోరు మారిందంతే" అని తనే నవ్వుకున్నారు. సంపాదకుడు నవ్వాక మేము నవ్వకపోతే బాగుండదు కాబట్టి మేమూ నవ్వాం.

ఏ గుంపు చేస్తున్నా ఎప్పుడూ ఉన్నట్టే, జేబునిండా ఖాళీ చీటీలు. మాట, విన్న వాక్యం, అన్న మనిషి వృత్తి, ఆడా మగా, వయసు, తేదీ. విన్నరోజే రాయాలి. పేరు మాత్రం రాయకూడదు. పేరు తెలిస్తే మొహం గుర్తొస్తుంది, మొహం గుర్తొస్తే మాట బరువు మారిపోతుంది అని పెద్దాయన నియమం.

ఆగస్టు 9

ఆఫీసు నుంచి నేరుగా అక్క దుకాణానికి వెళ్ళాను. కుట్టుమిషన్ పక్కన ఓ మూల గొడుగులు పేర్చి ఉన్నాయి. ఇరవై దాకా ఉంటాయి, తలో రంగు. వీధిలో అందరికీ ఇస్తుందట. వాళ్ళకి గొడుగుల్లేవా అక్కా అన్నాను.

"ఉంటే ఉన్నాయిలేరా. రెండోది ఇస్తే చేదా?"

అక్కడికక్కడే చీటీ రాశాను. ధారాళం. కుట్టుపని, స్త్రీ, 58.

ఈ మనిషేనా ఆ మనిషి! అమ్మానాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పద్దెనిమిది. ఆ మిషన్ తొక్కే నన్ను చదివించింది. సుద్దముక్క గోరంత అయ్యేదాకా వదిలేది కాదు. పాతబట్టల గుండీలన్నీ కోసి బిస్కెట్ల డబ్బాలో వేసేది. నా చొక్కాలకి ఆ డబ్బాలోవే, ఒక్కోటి ఒక్కో రంగు. అవైనా ఐదే. అందరి చొక్కాలకీ ఆరుంటాయి, నాకూ ఆరోది పెట్టమని ఏడిస్తే, "అది ప్యాంటులోకి పోయేదే కదరా, ఎవడు చూస్తాడు" అనేది. నాకు నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఇవాళ్టికీ నా చొక్కాలు అక్కే కుడుతుంది, ఇవాళ్టికీ ఐదే గుండీలు.

ఇన్నాళ్ళకి పిడికిలి విడింది. నాకు సంతోషంతో కళ్ళనీళ్ళొచ్చాయి. పక్క దుకాణంలో తాళాలు బాగుచేసే ఆయన, అందరం తాళాలాయన అంటాం, తన వాటాకొచ్చిన రెండు గొడుగులూ చూపించి, "మీ అక్కయ్యగారు ఈమధ్య బాగా నవ్వుతున్నారు సార్" అన్నాడు. అని ఇంకేదో అనబోయి మానేశాడు.

ఆగస్టు 17

ముందుగది కిటికీకి పరదా కుట్టమని మా ఆవిడ బట్ట ఇచ్చింది. అక్క ఇవాళ తెచ్చింది. మూడు వరసల కుచ్చులు, అంచుకి జరీ లేసు, మధ్యలో రెండు జేబులు. పరదాకి జేబులెందుకంటే, చెయ్యి ఊరుకోలేదురా అంది. అక్క వెళ్ళాక మా ఆవిడ ఆ పరదా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచుంది.

"అతిగా లేదూ?" అంది.

అతి. గుంపులో అన్నిటికన్నా చిన్న మాట. చీటీ రాశాను. గృహిణి, స్త్రీ, 45.

ఆగస్టు 18

మా ఆవిడకి అక్కంటే అసూయ. రాయకూడదు గానీ రాశాను.

సెప్టెంబరు 2

'షోకు' పట్టుకుని మూడ్రోజులైంది. దొరికిన ప్రయోగాల్లో ముప్పావు వంతు ఆడవాళ్ళ మీదే. మగాడు కొత్త చెప్పులు కొంటే దర్జా, ఆడమనిషి కొంటే షోకు. ఈ సంగతి వివరణలో రాయాలి.

మధ్యాహ్నం అక్క ఆఫీసుకొచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ రాలేదు. సంచినిండా చేతిరుమాళ్ళు, ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి ఒక్కొక్కళ్ళకి మూడేసి ఇచ్చింది. తిన్నగా పెద్దాయన గదిలోకి వెళ్ళి, ఆయన మెడకి టేపు చుట్టి కొలత తీసి, "ఇంత సన్న మెడకి అంత కాలరా! ఎవడు కుట్టాడు మీకు?" అని పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వారు. సాయంత్రం మెట్లమీద ఆగి, అక్కగారి ఆరోగ్యం బాగుంటోందా అని అడిగారు.

బ్రహ్మాండంగా ఉందండీ అన్నాను. కలుపుగోలుతనానికి కూడా ఆరోగ్యం ఎందుకు అడగాలో.

సెప్టెంబరు 19

స్కూలు యూనిఫారాలు ముప్ఫై ఆరు. బూడిదరంగు చొక్కాలు, ఒక్కోదానికి ఒక జేబు. ఇరవై ఏళ్ళుగా ఆ స్కూలు పని అక్కదే.

ముప్ఫై ఆరింటికీ జరీ లేసు వేసింది. భుజాలకి కుచ్చులు. ఒక్కో చొక్కాకి నాలుగు జేబులు, వీపుమీద ఒకటి. కుట్టు మాత్రం ఎక్కడా వంక పెట్టడానికి లేదు, గీత గీసినట్టుంది.

హెడ్‌మిస్ట్రెస్ నాకు కబురుపెట్టింది. మంచావిడ, అరవలేదు. ఒక్కో చొక్కా తీసి బల్లమీద పరుస్తూ పోయింది. లేసు విప్పి ఇచ్చేస్తామని నేను చేతులు పట్టుకున్నంత పని చేశాను. అక్క పక్కనే నిలబడి గోడమీది పటాలు చూస్తోంది. ఏదైనా చెప్పక్కా అంటే, "పిల్లలకి జేబులుంటే మంచిదేగా, రాళ్ళు వేసుకుంటారు" అంది. సిగ్గుపడుతుందేమోనని మొహం చూశాను. ఒకప్పుడు గుండీ పట్టే కాజా ఒక్కటి వంకరపోతే అన్నం సహించేది కాదు అక్కకి. ఆ మొహంలో ఏమీ లేదు.

పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది.

చీటీలు రెండు రాశాను. ఆర్భాటం. హంగు.

సెప్టెంబరు 26

మా ఆవిడ పోరు పడలేక అక్కని వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. దారంతా ఏం చెప్పాలా అని మాటలు ఏరుకుంటూ నడిచాను. దుబారా అనకూడదు, అందులో నింద ఉంది. విచ్చలవిడి మరీ ఘోరం. ధారాళం అంటే ఏ మేరకు అని అడుగుతాడు.

ఏమిటి ఇబ్బంది అని డాక్టరు అడిగాడు. మా ఆవిడ నోరు తెరవబోతే నేనే అందుకున్నాను.

"పెద్దగా ఏం లేదండీ. జన్మంతా కూడబెట్టిన మనిషి, ఈమధ్య కాస్త ఉదారంగా ఉంటోంది. అంతే."

డాక్టరు నవ్వేశాడు. ఇలాంటి జబ్బు అందరికీ రావాలండీ అన్నాడు. బలానికి మాత్రలు రాశాడు. అక్క ఆయనకి గొడుగు ఇచ్చింది.

ఇంటికొచ్చాం. చెప్పులు విప్పుతూ మా ఆవిడ అడిగింది.

"నిఘంటువు రాసే మనిషికి అక్కడ ఆ ఒక్క మాటే దొరికిందా?"

సెప్టెంబరు 27

ఉదారం. మూడు నోళ్ళలోనూ మర్యాదగా నిలబడే మాట. ఈ గుంపులో అలాంటిది ఇదొక్కటే. ఇందులో తప్పేముంది?

అక్టోబరు 12

కుట్టి ఇస్త్రీ చేసి పెట్టిన బట్టలన్నీ అక్క దారినపోయేవాళ్ళకి పంచేసింది. ఎవరిదో కోటు ఎవరికో. ఎవరి కొలతలతోనో కుట్టిన ప్యాంటు పూలమ్మే ఆయన వేసుకుని తిరుగుతున్నాడని తాళాలాయన చెప్పాడు. నేను వెళ్ళేసరికి గుమ్మంలో ఏడెనిమిది మంది. ఒకావిడ, చూపులకి పెద్దింటి మనిషిలా ఉంది, "వాళ్ళ సొమ్మయితే ఇలాగే ఇస్తారా? పరాయి బట్టలతో ఇంత డాబేమిటి?" అని అడిగింది. తాళాలాయన అందరికీ సర్దిచెప్పి పంపాడు. అక్కేమో ఆవిడ చేతిసంచి కుట్టు చూసి మెచ్చుకుంటోంది.

అందరూ వెళ్ళాక తాళాలాయన దుకాణం మెట్టుమీద నా పక్కన కూచున్నాడు. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను సార్. మిగిలిన దారం ముక్క కూడా నాకిచ్చేది కాదు. తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఇస్తుంటే భయమేస్తోంది" అన్నాడు.

అతని మాటలకి చీటీ రాయలేదు.

అక్టోబరు 13

'డాబు' మాత్రం రాశాను. పరాయినోట విన్న మాట. పనికొస్తుంది.

అక్టోబరు 14

ఛీ.

అక్టోబరు 30

పొద్దున్నే తాళాలాయన ఫోను. అక్క మిషన్ ఇచ్చేసింది.

ఎవరో ఆడమనిషి రోడ్డుమీద వెళ్తూ, ఈ చుట్టుపక్కల కుట్టు నేర్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగిందట. అక్క తనే బండివాణ్ణి పిలిచి, తనే ఓ చెయ్యి వేసి ఎక్కించి పంపేసింది. ఆవిడెవరో, ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. తాళాలాయనా నేనూ నాలుగు వీధులు తిరిగాం. ప్రతి ఇంటి ముందూ ఆగి, మిషన్ చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను.

తిరిగొచ్చి చూస్తే నేలమీద నాలుగు కాళ్ళ గుర్తులు. నలభై ఏళ్ళు ఒక్కచోటే నిలబడ్డ మిషన్. నా ఫీజులూ, నా పుస్తకాలూ, మొదటి ఉద్యోగానికి వేసుకెళ్ళిన చొక్కా, అన్నీ అందులోంచే వచ్చాయి. ఆ గుర్తుల పక్కన కూలబడి ఏడ్చాను. సిగ్గులేకుండా ఏడ్చాను.

అక్క నా దగ్గరికొచ్చి వంగింది. జ్వరమొచ్చినప్పుడు నిమిరినట్టు తల నిమురుతుందనుకున్నాను. నా కాలర్ పట్టుకుని చూసింది.

"ఇది సరిగ్గా కూర్చోలేదురా" అని, బయటికి వెళ్ళి తాళాలాయనతో కబుర్లలో పడింది.

అప్పుడు తెలిసింది. తెలియడం అప్పుడేనా?

నవంబరు 6

పెద్దాసుపత్రి. మెదడు డాక్టరు. డాక్టరమ్మకి నా వయసే ఉంటుంది. తొందరపడని మనిషి. ఈసారి మాటలు దాచకూడదని గట్టిగా అనుకునే వెళ్ళాను. దుబారా అన్నాను, విచ్చలవిడి అన్నాను, పట్టపగ్గాల్లేవన్నాను. గొడుగులూ, యూనిఫారాలూ, బట్టలూ, మిషనూ అన్నీ వరసగా చెప్పాను. అక్క డాక్టరమ్మ తెల్లకోటు గుండీలు వేలితో తడిమి చూస్తోంది. ఆవిడ ఏమీ అనుకోకుండా కోటు తడమనిచ్చింది.

ఎప్పటినుంచి అని అడిగింది.

"మూడు నెలలుగానండీ. ఆగస్టు నుంచి."

మా ఆవిడ చేతిసంచిలోంచి ఓ కట్ట తీసి బల్లమీద పెట్టింది. రబ్బరు బ్యాండు వేసిన చీటీలు. నా చీటీలు. ఇంట్లో నా బల్లమీద నుంచి ఎప్పుడు తీసిందో, ఎన్నాళ్ళుగా చదువుతోందో నాకు తెలియదు. 'కుట్టుపని, స్త్రీ' అని ఉన్నవన్నీ ఏరి, తేదీల వరసన పేర్చింది.

డాక్టరమ్మ ఒక్కోటీ పైకి చదివింది. ఉంటే ఉన్నాయిలేరా, రెండోది ఇస్తే చేదా. ఆగస్టు తొమ్మిది. ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసి పెట్టు, గోడలకి కూడా పండగ్గా ఉంటుంది. జూన్ రెండు. ఎవడిదైతేనేంరా, బాగుంది కదా, ఇచ్చేశాను. ఏప్రిల్ ఇరవై. ఆవిడ చదువుతుంటే అవి నేనెప్పుడూ చూడనివాటిలా వినిపించాయి. రాసింది నేనే. విన్నరోజే రాశాను, నియమం ప్రకారం.

అడుగున ఉన్న చీటీ దగ్గర ఆవిడ ఆగింది.

"మిగుల్చుకుని ఏం చేస్తాంరా, అన్నీ వాడిపారేద్దాం. కుట్టుపని, స్త్రీ, 57. పోయినేడు నవంబరు పదకొండు." చీటీ కాస్త దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇక్కడ మూలన పెన్సిలుతో ఏదో రాసి ఉంది. 'ఈ మనిషి అనే మాట కాదు.' ఇది ఎవరు రాశారు?"

నేనేనండీ అన్నాను.

పొదుపు గుంపు చేస్తున్న రోజులవి. పొదుపు మీద నాలుగు ముక్కలు చెప్పక్కా అని అడిగితే అక్క ఆ మాట అంది. గుంపుకి పనికిరాదని చీటీ పక్కన పడేశాను.

పరీక్షలూ ఫొటోలూ అయ్యాక డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మెదడు ముందుభాగం అరిగిపోతోంది. మనిషికి తనని తాను ఆపుకునే శక్తి అక్కడే ఉంటుంది, ఎదుటివాళ్ళ బాధ తెలిసేదీ అక్కడే. చేతిపని కొన్నాళ్ళు ఉంటుంది. మాట ముందు పోవచ్చు. వెనక్కి తెచ్చే మందు లేదు.

"పోయినేడే వచ్చి ఉంటే?" అన్నాను.

"జబ్బు ఆగేది కాదండీ. ఆ బాధ పెట్టుకోకండి." చీటీలకి రబ్బరు బ్యాండు వేసి మా ఆవిడకిచ్చింది. "కాకపోతే, అప్పుడు ఆవిణ్ణే అడిగేవాళ్ళం. దుకాణం ఏం చేద్దాం, ఎవరి దగ్గరుంటారు, ఏ వస్తువు ఎవరికి చెందాలి అని. ఇక ఇప్పుడు అన్నీ మీరే నిర్ణయించాలి."

నవంబరు 7

పోయినేడు నవంబరు పదకొండు.

నవంబరు 8

పోయినేడు నవంబరు పదకొండు. మాటల్లో తేడా పట్టుకోవడమే నా ఉద్యోగం. పట్టుకున్నాను కూడా. పట్టుకుని, పెన్సిలుతో రాసి, పక్కన పడేశాను.

నవంబరు 12

డాక్టరమ్మ చెప్పినా వినకుండా అక్కని అడిగాను. దుకాణం మూసేద్దామా అక్కా?

"మూసేద్దాం."

పోనీ తెరిచే ఉంచుదామా?

"ఉంచుదాం."

మా ఇంట్లో ఉంటావా?

"ఉంటా."

నీ ఇంట్లోనే ఉంటావా?

"ఉంటా. నీకు గొడుగిచ్చానా?"

జన్మంతా అందరికీ 'లేదు, కుదరదు' అన్న మనిషి. ఇప్పుడు దేనికీ కాదనదు. ఒక్కసారి 'వద్దురా' అంటే ఆ వద్దు పట్టుకుని ఎంత దూరమైనా వెళ్ళేవాణ్ణి.

నవంబరు 15

దుకాణం మూశాను. బట్టముక్కల సంచులు రంగులవారీగా కట్టి ఉన్నవి కట్టినట్టే వదిలేశాను. బిస్కెట్ల డబ్బా ఒక్కటి తెచ్చుకున్నాను. తాళాలాయన తనే చేసిన తాళం తెచ్చి తనే వేశాడు. అక్క గుమ్మం ముందు నిలబడి ముచ్చటగా చూసింది.

"ఒకటేనా? మూడు వెయ్యవయ్యా, అందంగా ఉంటుంది."

అతను తలూపి లోపలికి వెళ్ళి, ఇంకో రెండు తెచ్చి వేశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ తాళంచెవి ఒకటి అక్క చేతిలోనే పెట్టాడు. వీధి మలుపు తిరిగేలోపు అక్క దాన్ని ఎవరికో ఇచ్చేసింది.

డిసెంబరు 3

గుంపు పూర్తయింది. ఎనభై ఆరు మాటలు. పెద్దాయనకి ఇచ్చి, ఇందులో ఒక లోపం ఉందండీ అన్నాను. దుబారా అన్నా, జల్సా అన్నా, విచ్చలవిడి అన్నా, మెచ్చుకోలుగా ధారాళం అన్నా సరే, చేసేవాడు తలచుకుంటే మానుకోగలడు అనే నమ్మకం మీదే నడుస్తున్నాయి ఈ మాటలన్నీ. మానుకోలేని మనిషిని ఏమనాలో ఎనభై ఆరింటిలో ఎక్కడా లేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"లేని మాటకి చీటీ రాయలేమయ్యా" అన్నారు.

'కుట్టుపని, స్త్రీ' చీటీలన్నీ తీసేస్తానన్నాను. నీ ఇష్టం, కానీ ఈ గుంపులో ప్రాణమున్న వాక్యాలు అవే అన్నారాయన. బల్ల దగ్గరికొచ్చి మళ్ళీ చదువుకున్నాను. ఉదారం కింద పెట్టిన ఒక్కటీ తీసి చించేశాను. అక్కడ అబద్ధమాడింది నేను. మిగతావి అచ్చుకి వెళ్ళాయి. పుస్తకంలో అక్క పేరు ఉండదు.

డిసెంబరు 20

అక్క మా ఇంట్లోనే ఉంటోంది. కాసేపు కూడా కుదురుగా ఉండేది కాదు, కనిపించినవన్నీ కిటికీలోంచి వీధిలోవాళ్ళకి ఇచ్చేసేది. నా కళ్ళజోడు, మా ఆవిడ దువ్వెన, ఇంటి గడియారం. వారం కిందట మా ఆవిడే గుండీల డబ్బా ముందుపెట్టి, నాకోసం తెల్లబట్ట తెచ్చి ఇచ్చింది. అప్పటినుంచి పొద్దున కూచుంటే సాయంత్రందాకా లేవడం లేదు. కత్తెర తనే వేసింది. మిషన్ లేదుగా, అంతా చేత్తోనే. మా ఆవిడ పక్కన కూచుని సూదుల్లో దారం ఎక్కించి ఇస్తోంది.

ఆగస్టు పద్దెనిమిదిన మా ఆవిడ గురించి రాసిన ముక్క కొట్టేద్దామని తీశాను. ఉంచేశాను. నా బుద్ధి నాకు గుర్తుండాలి.

డిసెంబరు 31

ఇవాళ అక్క రెండే మాటలు అంది. దారం. ఇంకా.

జనవరి 9

నాలుగు రోజులుగా ఒక్క మాట కూడా లేదు. డాక్టరమ్మ చెప్పినట్టే జరుగుతోంది. పేర్లు పెట్టి పిలవడం ముందే పోయింది, ఇప్పుడు ఒరేయ్ కూడా లేదు.

పొద్దున ఆఫీసుకి తయారవుతుంటే చొక్కా తెచ్చి నా ముందు నిలబడింది. అయిపోయింది.

డబ్బాలో ఉన్నవన్నీ వాడేసింది. మెడ నుంచి అంచుదాకా రెండు వరసలు, చేతుల పొడుగునా, జేబు చుట్టూ, కాలర్ కింద. నల్లవి, ఎర్రవి, పెద్ద కోట్లవి, చంటిపిల్లల గౌన్లవి. నా నాలుగో తరగతి చొక్కాది నీలం గుండీ ఒకటి గుర్తుపట్టాను. దాని అంచు కొరికింది నేనే. ముందున్న ప్రతి గుండీకీ కాజా ఉంది. ఒక్క కాజా కూడా వంకర లేదు. దీన్ని ఏమనాలో నా దగ్గర మాట లేదు, ఉన్నవి ఎనభై ఆరూ దీనికి సరిపోవు.

వేసుకున్నాను. అక్క ఎదురుగా నిలబడి పైనుంచి ఒక్కో గుండీ పెడుతూ వచ్చింది. చాలాసేపు పట్టింది. అట్టడుగున, అంచు దగ్గర, ఓ తెల్ల గుండీ. మామూలు చొక్కా గుండీ. దాన్ని పెట్టి, బొటనవేలితో ఒత్తి, నా మొహంలోకి చూసింది.

"ఆరోది కూడా పెట్టానురా."

గుర్తుండి అందో, చేతిలో గుండీ ఉంటే నోటికి అలా వచ్చిందో నాకు తెలియదు. డాక్టరమ్మని అడిగితే ఏదో ఒకటి చెబుతుంది. అడగను. చీటీ కూడా రాయలేదు.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. అతి అనలేదు. ఆఫీసుకి టైమైపోయింది. చొక్కా ప్యాంటులోకి దోపుకోకుండానే వెళ్ళాను.